నీటి మూకుడు చెప్పే సాక్ష్యం

చైత్రం దాటేసరికి మంత్రాలయం దగ్గర తుంగభద్ర పాయలుగా చీలిపోతుంది. బండల నడుమ మడుగులు, వాటి చుట్టూ ఇసుక మేటలు మిగులుతాయి. యాత్రికుల కోసం వీధి మలుపులలో చలివేంద్రాలు వెలుస్తాయి. ఆ రోజులలోనే ఇళ్ళ పిట్టగోడల మీద, బడి ఆవరణలో వేపచెట్ల క్రింద నీళ్ళు నింపిన మట్టి మూకుళ్ళు కూడా కనబడతాయి. ప్రక్కనే పిడికెడు జొన్నలో, కొర్రలో, బియ్యపు నూకలో ఉంటాయి. ఇది పక్షుల చలివేంద్రం. ఎండకు ఓర్వలేని ప్రాణికి గుక్కెడు నీళ్ళు పెట్టడంలో ఎవరికీ పేచీ ఉండదు. కాని ఈ మధ్య మూకుడికి మరొక పని కూడా అప్పగిస్తున్నారు. దాని దగ్గరకు వచ్చిన పక్షులను లెక్కబెట్టి, ఊరిలోని పక్షుల స్థితిని గురించి తీర్పు చెప్పమంటున్నారు. దానికి మూకుడు ఎంతవరకు తగునో పరీక్షించవలసి ఉన్నది.

విద్యార్థులు చేసే ప్రాజెక్టు సాధారణంగా ఇలా ఉంటుంది. వారం రోజులు ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట మూకుడి దగ్గర కాపలా కాస్తారు. వచ్చిన పక్షుల పేర్లు పట్టికలో వ్రాస్తారు. గువ్వలు ఇన్ని, పిచ్చుకలు ఇన్ని, గోరింకలు ఇన్ని, పాలపిట్ట సున్న. పట్టిక క్రింద ఒక నిర్ణయం వ్రాస్తారు: మా ఊరిలో గువ్వలు, పిచ్చుకలు ఎక్కువ, పాలపిట్టలు లేవు. పట్టికలో తప్పు లేదు. నిర్ణయంలోనే ఉన్నది. ఆ పాలపిట్ట అదే సమయంలో బడి వెనుక కరెంటు తీగ మీద కూర్చుని మిడతల కోసం నేలను చూస్తూ ఉండవచ్చును. దానికి మూకుడితో పని లేదు, అంతే.

ఈ పొరపాటు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ఆ పద్ధతి పుట్టినచోటికి వెళ్ళాలి. పెరటిలో మేత పెట్టి పక్షులను లెక్కించడం చలిదేశాల అలవాటు. కెనడాలోని ఆంటారియోలో 1976లో మొదలైన మేతపెట్టెల సర్వే 1987లో ఉత్తర అమెరికా అంతటికీ విస్తరించి 'ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్' అనే పేరు పొందినది. అది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది. అక్కడ ఆ నెలలలో నేల మంచుతో కప్పబడి ఉంటుంది, పురుగు కనబడదు, రాత్రి దీర్ఘం. పదిహేను, ఇరవై గ్రాముల పక్షి తెల్లవారేదాకా తన కొవ్వును కరిగించుకుంటూ ఒంటిని వెచ్చగా ఉంచుకోవాలి. గింజలు, కొవ్వు ముద్దలు దానికి ఇంధనం. కనుక అక్కడి మేతపెట్టె అడిగే ప్రశ్న ఇంధనం గురించినది. అక్కడ లెక్క ముగిసే నాటికి మన దగ్గర మూకుళ్ళు పెట్టడం మొదలవుతుంది. ఇక్కడ ప్రశ్న నీటిది. ప్రశ్న మారినప్పుడు జవాబు చెప్పడానికి వచ్చేవారు కూడా మారతారు.

ఆ సర్వేలో మనం తప్పక నేర్చుకోవలసిన నియమం ఒకటి ఉన్నది. గంటసేపు కాపలాలో మొదట మూడు గువ్వలు వచ్చి వెళ్ళాయి, తరువాత నాలుగు వచ్చాయి, ఆ తరువాత రెండు. మొత్తం తొమ్మిదని వ్రాయకూడదు. మొదట వచ్చిన మూడే మళ్ళీ వచ్చాయేమో చెప్పలేము. అందువల్ల ఒకేసారి కనబడిన వాటిలో పెద్ద సంఖ్యను, అంటే నాలుగును మాత్రమే వ్రాయాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే మన ప్రాజెక్టు పుస్తకాలలో సగం అంకెలు చిక్కిపోతాయి, మిగిలిన సగానికి బలం వస్తుంది. అయితే ఆ పద్ధతిని రూపొందించినవారు దానిని జనాభా లెక్క అనలేదు. ఒకే పెరటిలో ఏటేటా వచ్చే మార్పును పోల్చి చూడడానికే వాడారు. ఆ జాగ్రత్త సముద్రం దాటేటప్పుడు జారిపోయినట్లున్నది.

1998లో అమెరికాలో మొదలై, 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతున్న 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' సంగతి వేరు. పేరులో పెరడు ఉన్నా అది మూకుడికి కట్టుబడినది కాదు. ఎక్కడ నిలబడి చూసినా లెక్కకు వస్తుంది. పైగా అది ఫిబ్రవరి పని. ఆ నెలలో మంత్రాలయం ఏటిలో ఇంకా నీరుంటుంది, పొలాలలో గింజ ఉంటుంది, ఉత్తరాది నుంచి వచ్చిన వలస పక్షులు ఇంకా మరలి వెళ్ళవు.

ఇప్పుడు మన మూకుడి దగ్గరకు వద్దాం. ఏప్రిల్, మే నెలలలో కర్నూలు జిల్లాలో మధ్యాహ్నపు ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటడం వింత కాదు. పక్షి ఒంటి వేడి సుమారు 40 నుంచి 42 డిగ్రీలు. గాలి ఒంటికంటె చల్లగా ఉన్నంతవరకు ఒంటి వేడి గాలిలోకి పోతుంది. రెండూ సమానమైతే ఆ దారి మూసుకుపోతుంది. గాలి ఇంకా వేడెక్కితే వేడి ఎదురు తిరిగి ఒంటిలోకే వస్తుంది. అప్పుడు మిగిలే మార్గం ఒక్కటే, నీటిని ఆవిరి చేయడం. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 575 కెలోరీల వేడిని ఒంటినుంచి తీసుకుపోతుంది. మనిషికి ఆ పని చెమట చేస్తుంది. పక్షికి స్వేదగ్రంథులు లేవు. మధ్యాహ్నపు ఎండలో కాకి ముక్కు తెరిచి, రెక్కలను ఒంటికి ఎడంగా వ్రేలాడవేసి కూర్చోవడం అందరూ చూసినదే. అది ఆయాసం కాదు, నోటి లోపలి తడిని, ఊపిరితిత్తుల తడిని ఆవిరి చేసుకోవడం. పావురాలు, గువ్వలు మరొక అడుగు ముందుకు వెళ్ళాయి. అవి గొంతు చర్మాన్ని వేగంగా అదరిస్తూ తడిని ఎగరగొట్టడమే కాక, ఒంటి చర్మం గుండా కూడా చాలా నీటిని ఆవిరి చేయగలవు.

దీనికి అయ్యే ఖర్చు తక్కువ కాదు. పిచ్చుక బరువు సుమారు 25 గ్రాములు. తీవ్రమైన ఎండలో చిన్న పక్షులు గంటకు తమ బరువులో 5 శాతం దాకా నీటిని పోగొట్టుకోగలవని కొలతలలో తేలింది. పిచ్చుక విషయంలో అది గ్రాముకు పైగా అవుతుంది. అరవై కిలోల మనిషికి లెక్క కడితే గంటకు మూడు లీటర్లు! పక్షులు మూత్రాన్ని నీరుగా కాక యూరిక్ ఆమ్లపు తెల్లని ముద్దగా విసర్జించి కొంత ఆదా చేస్తాయి. ఆ ఆదా అన్ని పక్షులకూ ఉన్నదే. తేడా వచ్చేది ఆదాయంలో.

పక్షి ఆదాయానికి మూడు దారులు. త్రాగిన నీరు, తిండిలోని నీరు, తిండి ఒంటిలో దహనమైనప్పుడు పుట్టే నీరు. ఈ మూడవదానిని పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంతో దాటవేస్తాయి గాని అది ఎంతో ఆసక్తికరమైనది. ఒక గ్రాము పిండిపదార్థం దహనమైతే 0.56 గ్రాముల నీరు, ఒక గ్రాము కొవ్వు దహనమైతే గ్రాము కంటె కొంచెం ఎక్కువ నీరు పుడుతుంది. ఎండిన జొన్నగింజలో సహజంగా ఉండే నీరు పదింట ఒక వంతు మాత్రమే. మిడతలోనో గొంగళిపురుగులోనో మూడింట రెండు వంతులు నీరే. పండిన పండులో అంతకంటె ఎక్కువ. తేనెపిట్ట త్రాగే పూతేనె అయితే ఇక చెప్పనక్కర లేదు. కనుక జొన్నలు తినే గువ్వకు మూకుడు అవసరం. పురుగులు తినే పాలపిట్టకు భోజనంలోనే నీరు ఉన్నది. ఒకే ఊరు, ఒకే ఎండ, ఒకే వేపచెట్టు. అయినా రెండు పక్షుల జమాఖర్చులు వేరు.

ఇది ఊహ కాదు. జార్జ్ బార్తొలొమ్యూ, టామ్ కేడ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు నేల పక్షుల నీటి పద్దును 1963లో సమగ్రంగా సమీక్షించారు. ఆస్ట్రేలియా ఎడారిలో నీటి మడుగుల దగ్గర కాపలా కాసిన ఫిషర్, లిండ్‌గ్రెన్, డాసన్ తమ ఫలితాలను 1972లో ప్రకటించారు. గింజలు తినే జాతులు నీటిని విడిచి ఉండలేకపోయాయి. పురుగులను, మాంసాన్ని తినే జాతులలో అనేకం ఆ ప్రాంతంలో ఉండి కూడా మడుగువైపు అరుదుగానే వచ్చాయి. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. ఆ ఎడారిలోని బడ్జరిగర్ చిలుకలను, జీబ్రా ఫించ్ పిట్టలను ప్రయోగశాలలో ఉంచినప్పుడు, వాతావరణం మితంగా ఉంటే అవి ఎండు గింజలతోనే నెలల తరబడి నీరు లేకుండా బ్రతికాయి. ఎడారి ఎండలో అవే పిట్టలు వేల సంఖ్యలో మడుగుల మీద మూగుతాయి. పక్షికి నీరు కావాలా అక్కరలేదా అని అడిగితే చాలదు. ఎంత వేడిలో అని కూడా అడగాలి.

ఈ లెక్కనుబట్టి మంత్రాలయం మూకుడి దగ్గర అతిథులెవరో ముందుగానే చెప్పవచ్చును. గువ్వలు తప్పక వస్తాయి. అవి త్రాగే తీరు కూడా వేరు. ముక్కు ముంచి, తల ఎత్తకుండానే నీటిని పీల్చుకుంటాయి. పిచ్చుకలు నోటినిండా పట్టుకొని తల పైకెత్తి మ్రింగుతాయి. రామచిలుకలు వస్తాయి. గోరింక పురుగులనూ తింటుంది, అన్నపు మెతుకులనూ తింటుంది కనుక వస్తుంది. కాకి త్రాగడానికే కాదు, ఎండిన రొట్టెముక్కను తెచ్చి నానబెట్టుకోవడానికి కూడా వస్తుంది. యాత్రికుల ఊరిలో కాకులకు రొట్టెముక్కలు కరవు కాదు. మూకుడు మురికి కావడానికి పెద్ద కారణం ఈ కాకిగారే. పిగిలిపిట్ట మాత్రం లెక్కను కొంచెం తడబరుస్తుంది. పండ్లు తినే పక్షికి నీటితో అంత అవసరం ఉండకూడదు గదా. కాని అది త్రాగడానికీ, స్నానానికీ కూడా వస్తుంది. ఇటువంటి పక్షులను పట్టికలో వదలివేయకూడదు. అసలు పాఠం వాటిలోనే ఉంటుంది.

రానివారి జాబితా కూడా అంతే ముఖ్యం. పాలపిట్ట, పసరికపిట్ట, పసుల పోలిగాడు, పగిడికంటి, తేనెపిట్ట. వీటిలో కొన్ని ఎప్పుడైనా నీటిమీద వాలవచ్చును, మునకవేయవచ్చును. కాని మూకుడి హాజరుపట్టీలో వాటికి చోటు దొరకడం అరుదు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాలపిట్ట స్థానంలో రామచిలుకను రాష్ట్రపక్షిగా ప్రకటించినది. తెలంగాణ పాలపిట్టనే ఉంచుకున్నది. మూకుడి ఓటు అడిగితే అది నిస్సందేహంగా రామచిలుకకే పడుతుంది.

హాస్యం అటుంచితే, ఇందులో నిజమైన నష్టం ఉన్నది. 2010 నుంచి మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినంగా జరుపుతున్నారు. పిచ్చుక అంతరించిపోతున్నదన్న మాట ఊరూరా వ్యాపించినది. దేశమంతటినుంచి పక్షి పరిశీలకులు పంపిన జాబితాల ఆధారంగా 2020లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక, పెద్ద నగరాలలో తగ్గినా, దేశం మొత్తం మీద పిచ్చుక సంఖ్య ఇంచుమించు స్థిరంగానే ఉన్నదని చెప్పినది. అదే సంస్థల 2023 నివేదిక పాలపిట్ట తగ్గుతున్నదని, దాని స్థితిని అంతర్జాతీయ స్థాయిలో మళ్ళీ అంచనా వేయాలని సూచించినది. అంటే మన కళ్ళెదుట మూకుడి మీద వాలే పక్షి గురించి మనం ఆందోళన పడుతున్నాము; మూకుడి వైపు చూడని పక్షి నిశ్శబ్దంగా తగ్గుతున్నది. మూకుడిని మాత్రమే నమ్ముకున్న బడిపిల్లవాడికి ఈ రెండు సంగతులలో ఏదీ తెలియదు. పాలపిట్ట ఏ సంవత్సరమూ అతని పట్టికలో లేదు గనుక, అది తగ్గిన సంవత్సరం కూడా సున్న సున్నగానే ఉంటుంది.

ఈ సందర్భంలో ఉపాధ్యాయుని చేతిలో ఉండవలసిన పుస్తకం సలీం అలీ వ్రాసిన 'ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్'. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ 1941లో దీనిని మొదట ప్రచురించినది. తరువాత ఎన్నో ముద్రణలు వచ్చాయి. సలీం అలీకి ఈ ప్రాంతం పరాయిది కాదు. మంత్రాలయానికి ఎదుటి గట్టు ఒకప్పుడు నిజాం రాజ్యం. ఆ రాజ్యపు పక్షులను ఆయన 1931-32లో సర్వే చేశారు. పుస్తకంలోని గొప్ప సుగుణం కొలత చెప్పే పద్ధతి. పక్షి పొడవును అంగుళాలలో చెప్పి ఊరుకోకుండా, పిచ్చుకంత, పిగిలిపిట్టంత, గోరింకంత, కాకంత, గ్రద్దంత, ఊరి కోడంత అని చెబుతారు. అంతకు కొంచెం పెద్దదైతే కూడిక గుర్తు, చిన్నదైతే తీసివేత గుర్తు. అంగుళాల బద్దతో ఏ పక్షినీ కొలవలేము. గోరింకను ఎరుగని పిల్లవాడు ఉండడు. శాస్త్రాన్ని జనానికి చేర్చడమంటే ఏమిటో ఈ చిన్న ఉపాయం చెప్పినంతగా పెద్ద ఉపన్యాసాలు చెప్పలేవు.

లోపమనదగినది వేరొకచోట ఉన్నది. అది గుర్తుపట్టడానికి వ్రాసిన పుస్తకం. రంగు, ఆకారం, పొడవు, కూత ముందు వస్తాయి. పక్షి ఏమి తిని బ్రతుకుతున్నదో అలవాట్లతో కలిసి వస్తుంది. పాఠకుడు బొమ్మ చూసి, పేరు తెలుసుకొని, పుస్తకం మూసివేస్తాడు. ఇది పుస్తకం నేరం కాదు, దానిని చదివే తీరు నేరం. ఉపాధ్యాయుడు దానిని తిరగవేసి చదివించవచ్చును. ఊరిలో కనబడే ఇరవై పక్షులను ఎంచి, ఒక్కొక్కదాని ఆహారాన్ని పుస్తకం నుంచి వ్రాయించి, మూకుడు పెట్టకముందే వచ్చేవి ఏవి, రానివి ఏవి అని విద్యార్థులచేత చెప్పించాలి. ఆ తరువాత కాపలా కాయాలి. అప్పుడు పట్టిక వట్టి హాజరుపట్టీగా మిగలదు. ఒక ఊహకు పరీక్ష అవుతుంది.

పేర్ల విషయంలో మాత్రం మన వ్రాతలను తప్పు పట్టక తప్పదు. ఇంగ్లీషు పుస్తకాన్ని ముందు పెట్టుకొని తెలుగులో వ్రాసేవారు 'ఎఱ్ఱ గుదపు బుల్‌బుల్', 'నల్ల డ్రాంగో', 'ఊదా సూర్యపక్షి' అని అనువదిస్తారు. ఇంగ్లీషు పేర్లు ఎక్కువగా రంగులనుబట్టి వచ్చినవి. తెలుగు పేర్లలో చాలా భాగం పక్షి బ్రతుకునుబట్టి వచ్చినవి. ఊరపిచ్చుక ఊరిని పట్టుకొని ఉండేది. తేనెపిట్ట తేనె త్రాగేది. పసుల పోలిగాడు పసుల వెంట తిరిగి, వాటి గిట్టలకు లేచిన పురుగులను పట్టేవాడు. అన్ని పేర్లూ ఇలా ఉండవు, నిజమే. కాని మూకుడి దగ్గరకు ఎవరు వస్తారన్న ప్రశ్నకు సగం జవాబు ఈ పేర్లలోనే ఉన్నది. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన టి. సి. జెర్డన్ 1862-64లో వెలువరించిన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో ఊరపిచ్చుక, పిగిలిపిట్ట వంటి తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. నూట అరవై ఏళ్ళ క్రితం ఒక విదేశీ వైద్యుడు అడిగి వ్రాసుకున్న పేర్లను మన పిల్లలు నేడు అనువాదాలలో వెతుక్కుంటున్నారు.

మూకుడి సాక్ష్యానికి మరొక హద్దు ఉన్నది. దాహం ఉన్న పక్షులన్నీ అయినా వస్తాయా అంటే, అదీ లేదు. రాయలసీమ మెట్టలలో, బీళ్ళలో సాండ్‌గ్రౌజ్ అనే పక్షి ఉన్నది. చూడడానికి పావురం వలె, నేల రంగులో ఉంటుంది. తినేది ఎండు గింజలు. అందుచేత దానికి నీరు ప్రాణాధారం. ప్రతిదినం వేళ తప్పక గుంపులుగా ఎగిరి నీటి మడుగులకు వెళుతుంది. అయినా అది ఇంటి పిట్టగోడ మీది మూకుడికి ఏనాడూ రాదు. నాలుగు దిక్కులా శత్రువు కనబడే బయలు, వాలుగా దిగే ఇసుకగట్టు దానికి కావాలి. తుంగభద్ర మడుగు దానికి పనికివస్తుంది, బడి పెరడు పనికిరాదు.

ఈ పక్షి చరిత్ర పరిశీలకులకు ఒక పాఠం. పిల్లలు పుట్టినచోట నీరు ఉండదు, పిల్లలు ఎగరలేవు. మగపక్షి మడుగులో దిగి పొట్ట ఈకలను నానబెట్టుకొని, ఎగిరివచ్చి నిలబడుతుంది. పిల్లలు ఆ ఈకలను ముక్కుతో పిండి త్రాగుతాయి. తన పంజరంలోని పక్షులలో ఈ సంగతిని చూసిన మీడ్-వాల్డో అనే ఆంగ్లేయుడు 1896లో ప్రకటించాడు. చాలామంది నమ్మలేదు. ఈకలతో నీళ్ళు మోయడం కట్టుకథ వలె వినబడినది. 1967లో కేడ్, మెక్లీన్ అనే శాస్త్రజ్ఞులు ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో చూసి, ఈకల నిర్మాణాన్ని కూడా పరీక్షించి నిర్ధారించేదాకా డెబ్బై ఏళ్ళు పట్టినది. ఆ కేడ్ పైన చెప్పిన 1963 సమీక్షను వ్రాసిన కేడే. మొదటి పరిశీలకుని దగ్గర యంత్రాలేవీ లేవు. కళ్ళు, ఓపిక, చూసినదానిని చూసినట్లు వ్రాయడం, ఇవే ఉన్నాయి.

మూకుడికి బొత్తిగా దొరకనివి కూడా ఇక్కడే ఉన్నాయి. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన కలివికోడి 1900 తరువాత కనబడక, అంతరించినదనిపించుకొని, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికినది. అది రాత్రి తిరిగే పక్షి. చెదలు, పురుగులు తింటుంది. కలివి పొదల మధ్య దాగుతుంది. దాని పేరే దాని చిరునామా. దానిని కనుగొన్నది చుట్టుప్రక్కల పల్లెల వారిని అడిగి, చీకటిలో దీపం పట్టి వెదకడంవల్ల. పగటిపూట నీళ్ళు పెట్టి కూర్చుంటే వంద వేసవులు గడిచినా అది పట్టికకు ఎక్కేది కాదు. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్ళపాడులో అభయారణ్యాన్ని ఏర్పరచారు. ఆ పక్షికీ కావలసింది గడ్డిబీడే. పొదలు కొట్టివేసి, బీడు దున్నివేసి, ఊరిలో వేయి మూకుళ్ళు పెట్టినా ఈ రెండు పక్షులకు ఒరిగేది లేదు.

ఇక మూకుడు పెట్టే తీరు. రంగులు పూసి పువ్వులు చిత్రించిన మూకుళ్ళు అందంగా ఉంటాయి, కాని పని చెడుతుంది. మట్టి పాత్ర రంధ్రాల గుండా చెమర్చిన నీరు ఆవిరైపోతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. మంత్రాలయం వంటి పొడిగాలిలో ఈ చల్లదనం చాలా ఎక్కువ. రంగు నూనె ఆ రంధ్రాలను మూసివేస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో అయితే మధ్యాహ్నానికి నీరు స్నానానికి కాచినట్లు ఉంటుంది. లోతు రెండు మూడు అంగుళాలకు మించకూడదు. మధ్యలో ఒక రాయి ఉంటే చిన్న పిట్టలు నిలబడగలవు. నీడ ఉండాలి, పిల్లి పొంచి ఉండే పొద దగ్గరగా ఉండకూడదు.

కడగడం గురించి గట్టిగా చెప్పవలసి ఉన్నది. అమెరికాలో 1994లో హౌస్ ఫించ్ పిట్టలలో కనబడిన కంటిజబ్బు మేతపెట్టెల దగ్గర ఒకదానినుంచి మరొకదానికి అంటుకుని వేగంగా వ్యాపించినది. బ్రిటన్‌లో 2005లో బయటపడిన ట్రైకొమొనాస్ అనే సూక్ష్మజీవి గొంతుజబ్బువల్ల గ్రీన్‌ఫించ్ పిట్టల సంఖ్య బాగా పడిపోయినది. ఈ రెండవది పావురాల జాతికి పాత చుట్టం. మన మూకుడికి ముఖ్య అతిథులు ఆ జాతివారే. ఆ సూక్ష్మజీవి తడిలో బ్రతుకుతుంది, ఎండితే చస్తుంది. కాబట్టి ప్రతిరోజు నీరు పారబోసి, రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ నింపాలి. రెండు మూకుళ్ళుంటే ఒకటి ఆరేలోగా మరొకటి పనిచేస్తుంది. నీరు వారం పది రోజులు నిలిస్తే డెంగీ దోమ గ్రుడ్డునుంచి రెక్కల దాకా పెరుగుతుందన్నది మనుషుల వైపు కారణం.

ఇన్ని హద్దులు చెప్పిన తరువాత మూకుడు దేనికి పనికివస్తుందనే ప్రశ్న మిగులుతుంది. దాహాన్ని కొలవడానికి. ఆ పనికి అది చక్కని పరికరం. ఊరిలో పిచ్చుకలెన్ని అనే ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు. 36 డిగ్రీల రోజుకూ 42 డిగ్రీల రోజుకూ పిచ్చుకల రాకలో తేడా ఎంత అనే ప్రశ్నకు చెప్పగలదు. ఒకే మూకుడు, ఒకే చోటు, ఒకే గంటలు, ప్రక్కన నీడలో వ్రేలాడదీసిన ఉష్ణమాపకం ఉంటే చాలును. జొన్నలు ఒక పళ్ళెంలోను, నీరు కొంచెం దూరంగా మూకుడులోను పెడితే, ఏ పక్షి దేనికోసం వచ్చినదో కూడా విడదీయవచ్చును. కలిపి పెట్టినప్పుడు ఈ రెండు కారణాలు కలిసిపోతాయి.

పిగిలిపిట్టను ఇక్కడ మళ్ళీ తలచుకోవాలి. మన వైపు వేపపండ్లు పండేది వేసవి చివర. అప్పటిదాకా పిగిలిపిట్టకు తడి పండు కరవు, ఆ తరువాత ఇంటి ముందరి చెట్టే దాని నీటి కుండ. అది మూకుడికి వచ్చేది దాహానికే అయితే వేపపండ్లు రాలే వారాలలో దాని రాక తగ్గాలి. స్నానానికే అయితే తగ్గనక్కర లేదు. ఎండ తగ్గినందువల్ల తగ్గినదా, పండు దొరికినందువల్ల తగ్గినదా అన్నది తేల్చడానికి అదే పట్టికలో గువ్వ గీతను ప్రక్కన పెట్టి చూడాలి, గువ్వ వేపపండు తినదు గనుక. మే మొదటి వారం నుంచి జూలై దాకా రోజుకు ఒక గంట కూర్చోగల విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఉంటే, బడులు తెరిచేనాటికి సగం పట్టిక చేతిలో ఉంటుంది. మిగిలిన సగం బడి గంటకు ముందే, ఉదయపు నీడలో వ్రాసుకోవచ్చును.